ఇంట్లో సైన్సు పాఠం: వీడియోను ఎక్కడ ఆపాలి?

పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకుంటున్న తల్లిదండ్రులకు లెక్కలూ భాషలూ అంతగా బెంగ పెట్టవు. సైన్సు దగ్గరకు వచ్చేసరికి మాత్రం ప్రయోగశాల లేదే, చెప్పే మాస్టారు లేరే అన్న దిగులు మొదలవుతుంది. ఆ లోటును యూట్యూబు తీరుస్తుందని చాలామంది అనుకుంటారు, కొంతవరకు తీరుస్తుంది కూడా. అయితే సైన్సు వీడియో పెట్టి పిల్లలను దాని ముందు కూర్చోబెట్టడం వేరు, ఆ వీడియోతో పాఠం చెప్పడం వేరు. ఈ వ్యాసం రెండో పని గురించినది. ముఖ్యంగా 9 నుంచి 14 ఏళ్ల మధ్య పిల్లలను దృష్టిలో పెట్టుకొని రాసినది.

వీడియో ఎంత తేటగా ఉంటే పిల్లలు అంత బాగా నేర్చుకుంటారన్నది చాలామంది నమ్మకం. అది పూర్తిగా నిజం కాదు. ఇప్పుడు వెరిటాసియం అనే ఛానల్ నడుపుతున్న డెరెక్ ముల్లర్, 2008లో సిడ్నీ విశ్వవిద్యాలయం నుంచి భౌతికశాస్త్ర బోధనకు పనికివచ్చే వీడియోల మీదే డాక్టరేటు పొందారు. విషయాన్ని నేరుగా, చక్కగా వివరించే వీడియో చూసిన విద్యార్థులు బాగా అర్థమైందని చెప్పారు కానీ, చూడక ముందూ చూశాకా పెట్టిన పరీక్షల్లో వాళ్ల మార్కులు పెద్దగా పెరగలేదు. సాధారణంగా అందరూ అనుకునే తప్పు అభిప్రాయాన్ని ముందు చర్చకు పెట్టి, అది ఎందుకు తప్పో చూపించే వీడియో చూసినవాళ్లు తికమకగా ఉందన్నారు, బుర్ర పెట్టవలసి వచ్చిందన్నారు. ఎక్కువ నేర్చుకున్నది మాత్రం వాళ్లే. ఇందులో వింత లేదు. బరువు, వేడి, వెలుతురు, ఎండా వానా, వీటన్నిటి మీదా పిల్లలకు పాఠం మొదలుకాక ముందే ఒక అభిప్రాయం ఉంటుంది. వీడియో చెబుతున్నది ఆ అభిప్రాయానికి విరుద్ధమని గమనించకుండా, తమకు తెలిసిందే చెబుతున్నారనుకొని తలాడిస్తూ చూసేస్తారు.

కాబట్టి వీడియో మొదలుపెట్టే ముందే పిల్లల అభిప్రాయాన్ని కాగితం మీదకు తేవాలి. నోటితో చెప్పిస్తే చాలదు, ఎందుకంటే వీడియో అయిపోయాక "నేనూ అదే అనుకున్నాను" అనడం పిల్లలకే కాదు, పెద్దలకూ అలవాటే. ఒక నోటుపుస్తకం తీసుకొని ఎడమ పేజీలో ముందుగా అనుకున్నది, కుడి పేజీలో తరువాత తేలినది రాయిస్తే చాలు. ఎడమ పేజీలో తప్పు రాసినందుకు ఎన్నడూ మందలించకూడదు, ఆ పేజీని సవరించనివ్వకూడదు కూడా.

ప్రశ్న ముందు, వీడియో తరువాత

ప్రశ్న మన ఇంటి చుట్టుపక్కల నుంచే రావాలి. ఋతువుల పాఠమే తీసుకుందాం. ఎండాకాలం ఎందుకు వస్తుందని అడిగితే, అప్పుడు భూమి సూర్యుడికి దగ్గరగా వెళుతుంది కాబట్టి అని నూటికి తొంభైమంది పిల్లలు చెబుతారు, వాళ్లతో పాటు డిగ్రీలు చదివిన పెద్దలు కూడా కొందరు. వెంటనే వీడియో పెట్టకుండా ఒక లెక్క ముందు పెట్టండి. భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. అతి దూరంగా ఉండేది జులై మొదటి వారంలో, దాదాపు 15.2 కోట్ల కిలోమీటర్ల దూరంలో. అంటే భోగి మంటల దగ్గర చలి కాచుకునే రోజుల్లో సూర్యుడు మనకు దగ్గరగా ఉంటాడు. రోళ్లు పగిలే రోహిణి కార్తె వచ్చేది, భూమి అంతకంతకూ దూరం జరుగుతున్న రోజుల్లో. ఈ రెండు అంకెలూ చూశాక పిల్లలు ఇరకాటంలో పడతారు, మరి ఎండలెందుకు వస్తాయని వాళ్లే అడుగుతారు. వీడియో పెట్టవలసిన సమయం అదే. భూమి అక్షం 23.5 డిగ్రీల వాలు గురించి ఇప్పుడు చెప్పే మాట, ముందే చెప్పిన మాట కన్నా ఎన్నో రెట్లు లోతుగా నాటుకుంటుంది.

వీడియో మధ్యలో ఆపడం రెండో మెట్టు. ప్రయోగం చేసి చూపే వీడియోల్లో ఫలితం రావడానికి సరిగ్గా ఒక క్షణం ముందు ఆపి, ఏం జరుగుతుందో చెప్పమనాలి. ఇందుకోసం పెద్దలు ఆ వీడియోను ముందురోజే ఒకసారి చూసి, ఎన్నో నిమిషంలో ఎన్నో సెకను దగ్గర ఆపాలో కాగితం మీద రాసుకోవాలి. ఇది శ్రమే. ఆ శ్రమ పడలేని రోజున వీడియో పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇలా ఆపి చూడటానికి అపోలో 15 వీడియో ఒక చక్కని ఉదాహరణ. 1971 ఆగస్టు 2న వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి, ఒక చేతిలో సుత్తి, మరో చేతిలో డేగ ఈక పట్టుకొని రెంటినీ ఒకేసారి వదిలారు. సుత్తి బరువు 1.32 కిలోలు, ఈక బరువు సుమారు 30 గ్రాములు. వీడియో పెట్టే ముందు ఇంట్లో ఒక పుస్తకాన్నీ ఒక కాగితాన్నీ విడివిడిగా వదిలి చూడమనాలి. పుస్తకం ముందు పడుతుంది. తరువాత అదే కాగితాన్ని పుస్తకం అంచులు దాటకుండా దాని మీద పెట్టి వదలమనాలి, రెండూ కలిసే పడతాయి. ఇక్కడే పిల్లలు ఆలోచనలో పడతారు. అప్పుడు చంద్రుడి మీది వీడియో పెట్టి, స్కాట్ చేతులు విప్పబోయే ముందు ఆపి, ఎడమ పేజీలో జవాబు రాయించాలి.

కొంచెం పెద్ద పిల్లలైతే ఇదే వీడియోతో కొలత కూడా చేయవచ్చు. కంప్యూటరులో యూట్యూబు వీడియోను ఆపి, కీబోర్డు మీద ఫుల్‌స్టాప్ మీట నొక్కితే బొమ్మ ఒక్కొక్క ఫ్రేము చొప్పున ముందుకు, కామా మీట నొక్కితే వెనక్కు జరుగుతుంది. సుత్తి చేతిని విడిచినప్పటి నుంచి నేలను తాకేవరకు దాదాపు 1.4 సెకన్లు పడుతుంది. వదిలిన ఎత్తు సుమారు 1.6 మీటర్లు. ఎత్తును రెట్టింపు చేసి, కాలం వర్గంతో భాగిస్తే 1.6కు కాస్త పైన వస్తుంది. అది చంద్రుడి గురుత్వ త్వరణం, మన భూమి మీది 9.8లో ఆరో వంతు. పుస్తకంలో ఒక వాక్యంగా చదివి వదిలేసే సంగతిని ఇక్కడ పిల్లలే తమ చేతులతో కొలిచి తేలుస్తారు. ఒక్క నిమిషం కూడా లేని ఆ దృశ్యం ఒక పూట పాఠానికి సరిపోతుంది.

వీడియో చెప్పే కారణం తప్పైతే

ప్రయోగం నిజమై ఉండి, దానికి చెప్పే కారణం తప్పుగా ఉండే వీడియోలు లెక్కలేనన్ని ఉన్నాయి. వాటిని చూడగానే పక్కన పెట్టేయనక్కర్లేదు, జాగ్రత్తగా వాడితే మంచి పాఠమవుతాయి. పళ్లెంలో రంగునీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, దాని మీద గాజు గ్లాసు బోర్లిస్తే మంట ఆరిపోయి నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. ఇది చాలా పాత ప్రయోగం. మంట ఆక్సిజన్‌ను వాడేసింది, ఆ ఖాళీలోకి నీళ్లు ఎక్కాయి, గాలిలో ఆక్సిజన్ అయిదో వంతు కాబట్టి నీళ్లూ అయిదో వంతు ఎక్కుతాయి అని వీడియోలు చెబుతుంటాయి, కొన్ని పాఠ్యపుస్తకాలు కూడా ఇదే చెప్పాయి.

దీన్ని పిల్లలతోనే పరీక్షించవచ్చు. అదే గ్లాసు, అదే పళ్లెం తీసుకొని ఒకసారి ఒక కొవ్వొత్తితో, మరోసారి దగ్గరదగ్గరగా నిలిపిన మూడు కొవ్వొత్తులతో చేయించండి. గ్లాసులో ఉన్న ఆక్సిజన్ రెండుసార్లూ ఒకటే, కాబట్టి ఆ కారణమే నిజమైతే నీళ్లు రెండుసార్లూ ఒకే ఎత్తుకు ఎక్కాలి. మూడు కొవ్వొత్తులు పెట్టినప్పుడు నీళ్లు స్పష్టంగా ఎక్కువ ఎక్కుతాయి. గ్లాసు బోర్లించేటప్పుడు అంచుల దగ్గర బుడగలు వస్తున్నాయేమో, నీళ్లు మంట వెలుగుతుండగా ఎక్కుతున్నాయా లేక ఆరిన తరువాత ఎక్కుతున్నాయా అన్నవి కూడా గమనించమనాలి. ఎక్కువ భాగం ఎక్కేది మంట ఆరిన తరువాతే. మంట వేడికి వ్యాకోచించిన గాలి కొంత బయటికి పోతుంది, మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, బయటి గాలి పీడనం నీళ్లను లోపలికి నెడుతుంది. పైగా ఆక్సిజన్ ఊరికే మాయమైపోదు, దాని బదులు కార్బన్ డయాక్సైడూ నీటి ఆవిరీ వస్తాయి. ఆక్సిజన్ పూర్తిగా అయిపోక ముందే మంట ఆరిపోతుంది కూడా. ఫోనులో చెప్పిన మాటను ఇంట్లో రెండు రూపాయల కొవ్వొత్తులతో తప్పని తేల్చిన పిల్లలు, ఆ తరువాత ఏ వీడియోనూ నోరు తెరుచుకొని చూడరు.

పచ్చి మోసపు వీడియోలు వేరే జాతి. ఉల్లిపాయతో ఫోను ఛార్జింగ్ పెట్టడం, అయస్కాంతాలతో ఆగకుండా తిరిగే ఫ్యాను, నిమ్మకాయతో వెలిగే ఇంటి బల్బు ఇలాంటివే. వీటికి విరుగుడు అసలు ప్రయోగం చేయడమే. నిమ్మకాయకు ఒకవైపు జింకు పూత వేసిన మేకు, మరోవైపు రాగి తీగ గుచ్చితే 0.9 వోల్టుల దాకా వస్తుంది, విద్యుత్ ప్రవాహం మాత్రం మిల్లీ ఆంపియరుకు కూడా అందదు. చిన్న ఎర్ర ఎల్‌ఈడీ వెలగాలంటే మూడు నాలుగు కాయలను వరుసగా కలపాలి, అప్పుడు కూడా మసక వెలుతురే వస్తుంది. వోల్టులనూ ప్రవాహాన్నీ కొలిచే మల్టీమీటరు ఎలక్ట్రికల్ దుకాణాల్లో కొద్ది వందల రూపాయలకు దొరుకుతుంది, ఇంట్లో సైన్సు చెప్పేవాళ్లు ఒకటి కొనుక్కోవడం మంచిది.

మన ఆకాశం, మన వంటిల్లు

మంచి వీడియోల్లో ఎక్కువ భాగం అమెరికా, ఐరోపా దేశాల్లో తయారవుతాయి. వాటిలో చెప్పే ఆకాశం అక్కడిది. మధ్యాహ్నం సూర్యుడు ఎప్పుడూ దక్షిణాన ఉంటాడని, నీడ ఎప్పుడూ ఉత్తరానికి పడుతుందని, సూర్యుడు నడినెత్తికి ఎన్నడూ రాడని ఆ వీడియోలు చెబితే అది అక్కడి వరకు నిజం. కర్కట రేఖకు దక్షిణాన ఉన్న మనకు అది చెల్లదు. హైదరాబాదులో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన వచ్చి, నిటారుగా నిలబెట్టిన కర్రకు కాసేపు నీడే కనబడదు. ఆ రెండు తేదీల మధ్య మిట్టమధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. తిరుపతిలో నీడ లేని రోజు ఏప్రిల్ చివరి వారంలోనే వస్తుంది, శ్రీకాకుళంలో మే రెండో వారం దాకా ఆగాలి. అక్కడక్కడా చుట్టాలున్న కుటుంబాలు ఒకే వారంలో కర్ర నీడలు కొలిచి వాట్సాప్‌లో పంచుకుంటే ఏ వీడియో ఇవ్వలేని పాఠం దొరుకుతుంది. ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మన గడియారాలు 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి కనుక, మే నెలలో హైదరాబాదులో సూర్యుడు నడినెత్తికి వచ్చేది 12 గంటలకు కాక 12:12 ప్రాంతంలో. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లలను ఇంట్లో చదివించుకునే తెలుగువాళ్లకు మాత్రం ఆ వీడియోలు చెప్పేదే సరి, వాళ్లకు నీడ లేని మధ్యాహ్నం ఎప్పటికీ రాదు.

సామాన్ల విషయంలోనూ ఇదే మార్పు కావాలి. ఆమ్లాలూ క్షారాల పాఠానికి విదేశీ వీడియోలు ఎర్ర క్యాబేజీ వాడతాయి, మనకు అది అన్ని ఊళ్లలోనూ దొరకదు. ఎర్ర మందార రేకులను వేడినీళ్లలో నానబెట్టి వడకట్టిన రసం నిమ్మరసంలో ముదురు గులాబీ రంగుకు, వంటసోడా నీళ్లలో ఆకుపచ్చకు తిరుగుతుంది. పసుపు కలిపిన నీళ్లు సబ్బు నీటికీ సున్నపు తేటకూ ఎర్రబడతాయి. పెళ్లికూతురి పాదాలకు పెట్టే పారాణి ఆ ఎరుపే అని చెబితే పిల్లలు ఇంట్లో ఉన్న సీసాలన్నీ ముందేసుకొని కూర్చుంటారు. పత్తి బట్ట మీద పసుపు రాసి దాని మీద సబ్బు నీటితో బొమ్మ గీయడం చిన్నపిల్లలకు చాలా ఇష్టమైన పని. ఇలా చౌక సామాన్లతో చేసే ప్రయోగాలకు అరవింద్ గుప్తా వీడియోలు పెట్టింది పేరు. కాన్పూరు ఐఐటీలో చదివి, పుణెలోని విజ్ఞాన కేంద్రంలో ఏళ్ల తరబడి పిల్లల కోసం అగ్గిపుల్లలతో, సైకిలు వాల్వు ట్యూబుతో, పాత సీసాలతో బొమ్మలు చేసి చూపిన ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. ఒక్కో వీడియో ఒకటి రెండు నిమిషాలకు మించదు, మాటలు తక్కువ కాబట్టి భాష అడ్డురాదు.

ప్రమాదాల గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. ప్లగ్గులోంచి కరెంటు తీసుకొని చేసే ఏ ప్రయోగాన్నీ వీడియో చూసి ఇంట్లో చేయకూడదు, అలాంటి పనులకు 9 వోల్టుల బ్యాటరీ చాలు. బాత్రూము కడిగే యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు. వాటి నుంచి క్లోరిన్ వాయువు వస్తుంది, తలుపులు మూసిన చిన్న గదిలో అది ప్రాణం మీదకు తెస్తుంది. భూతద్దంతో ఎండను కేంద్రీకరించే ఆటలో కూడా పెద్దలు పక్కనే ఉండాలి.

భాష, ఫోను, వారం

వీడియో ఇంగ్లీషులో, పాఠం తెలుగులో అయినప్పుడు పారిభాషిక పదాల దగ్గర పిల్లలు తడబడతారు. దీనికి తేలికైన ఉపాయం ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ఇటీవలి సంవత్సరాల్లో ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదుటి పేజీ తెలుగులో ఉండే ద్విభాషా పుస్తకాలను అచ్చు వేశాయి. వీడియో చూసే ముందు అదే పాఠం తీసి, అయిదారు మాటలను రెండు పేజీల్లోనూ వేలితో చూపించుకుంటే సరిపోతుంది. ఆ పుస్తకాల్లో ఉండే క్యూఆర్ కోడ్‌లు 2017లో మొదలైన దీక్ష వేదికలోని పాఠాలకు తీసుకువెళతాయి. తెలంగాణ ప్రభుత్వం నడిపే టీ-శాట్ విద్య ఛానల్లో తెలుగు పాఠాలు ఉన్నాయి. నిజం చెప్పాలంటే వీటిలో చాలా వరకు బల్ల ముందు నిలబడి చెప్పే ఉపన్యాసాలే, దృశ్యంగా చూపేది తక్కువ. కానీ పిల్లలు ఇంగ్లీషు వీడియోలో చూసినదాన్ని తెలుగులో ఎలా రాయాలో నేర్చుకోవడానికి అవి అక్కరకు వస్తాయి. వీడియో అయిపోయాక తెలుసుకున్నదాన్ని అమ్మమ్మకో తాతయ్యకో తెలుగులో చెప్పమనండి. వాళ్లు అడిగే ప్రశ్నలకు పిల్లలు ఎక్కడ ఆగిపోతే అక్కడి నుంచి మర్నాటి పాఠం మొదలుపెట్టవచ్చు.

ఫోనులో ఆటోప్లే ఆపేయడం మొదటి పని, లేకపోతే అయస్కాంతాల పాఠంతో మొదలైనది అరగంటలో ఎక్కడికో చేరుతుంది. వీడియోను ముందే డౌన్‌లోడ్ చేసుకొని, నెట్ ఆపి, పెద్ద తెర మీద చూపించడం ఇంకా నయం. మాట వేగం ఎక్కువైతే 0.75కు తగ్గించి, క్యాప్షన్లు పెట్టుకోవచ్చు. నిడివి విషయానికి వస్తే, ఎడ్‌ఎక్స్ అనే వేదికలోని ఆన్‌లైన్ కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, వీడియో ఎంత పొడవున్నా విద్యార్థులు దాన్ని చూసిన సమయం సాధారణంగా 6 నిమిషాలు దాటలేదని తేలింది. వాళ్లు ఏరికోరి కోర్సుల్లో చేరినవాళ్లు. పదేళ్ల పిల్లల నుంచి అంతకన్నా ఎక్కువ ఆశించడం న్యాయం కాదు. పొడవైన వీడియోలో మనకు కావలసిన నాలుగు నిమిషాలే చూపి మిగతాది వదిలేయవచ్చు.

వారానికి ఒక విషయం, దానికి ఒకటి లేదా రెండు వీడియోలు చాలు. మిగిలిన రోజులు ప్రశ్నకు, ప్రయోగానికి, రాతకు, మళ్లీ ప్రయోగానికి పోతాయి. అణువులు, విద్యుత్ వలయాలు, గ్రహాల కక్ష్యలు వంటివి చేతికి చిక్కని విషయాలు కాబట్టి వాటికి వీడియో కన్నా కంప్యూటర్ సిమ్యులేషన్ మేలు. నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లు ఉచితం, కొన్నిటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. వాటిలో వోల్టేజీ పెంచి చూడవచ్చు, తీగ తెంచి చూడవచ్చు.

చివరికి పరీక్ష ఒకటి ఉంటుంది. ఇంట్లో చదివే పిల్లలు ఎక్కువగా జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారానో, రాష్ట్ర ఓపెన్ స్కూల్ ద్వారానో పదో తరగతి రాస్తారు. జాతీయ సంస్థలో పదికి చేరడానికి 14 ఏళ్లు నిండాలి, అంతకు ముందు 3, 5, 8 తరగతులకు సమానమైన స్థాయులు కూడా ఉన్నాయి. సైన్సుకు ప్రాక్టికల్ పరీక్ష ఉంటుంది. ప్రయోగ క్రమాన్ని వీడియోలో ఎన్నిసార్లు చూసినా పరీక్షనాళికను పట్టకారుతో పట్టుకొని వేడి చేయడం, కొలజాడీలో నీటిమట్టాన్ని కంటికి సమంగా పెట్టి చదవడం చేతులకు రావు. అందువల్ల పరీక్షకు ముందు ఆర్నెల్ల నుంచైనా అధ్యయన కేంద్రంలో జరిగే ప్రాక్టికల్ తరగతులకు తప్పకుండా పంపాలి. ఇంట్లో మాత్రం వారానికి ఒకసారి ఫోనులూ కంప్యూటర్లూ కట్టేసి, ఆ వారం చూసిన ప్రయోగాన్ని పటంతో సహా తెలుగులో ఒక పేజీ రాయించండి. పటంలో భాగాల పేర్లు రాయలేకపోతే, ఆ వీడియోను మళ్లీ పెట్టి అదే చోట ఆపండి.